తీఱిక వేళ: వేసవి కొండలలో చెట్టు నెదుట



ఈ మాసము నాకు వచ్చిన జాబులలో నొకదానికి ప్రత్యుత్తరము నాలుగు పంక్తులలో ముగియునది గాదని తోచి, ఈ శీర్షికను పూర్తిగా దానికే కేటాయించుచున్నాను. ఎల్.బి. నగరునుండి యొక సోదరి యిట్లు వ్రాసిరి: "వేసవి సెలవులలో మేము శ్రీశైలయాత్రకు బోవ నిశ్చయించుకొంటిమి. నాకు నీటిరంగులతో బొమ్మలు వ్రాయు నలవాటు చిన్ననాటనుండి కలదు. కొండలమీద నొకటి రెండు దినములు నిలిచి, అచ్చటి చెట్లను జూచుచు వ్రాయవలెనని కోరిక. ఇంటివారు నవ్వుచున్నారు. సెల్‌ఫోనులో ఛాయాచిత్రము దీసికొనివచ్చి యింట గూర్చుండి వ్రాయరాదా యని మా వారును, ఇద్దఱు బిడ్డల తల్లివి త్రోవప్రక్కన రంగులపెట్టె పెట్టుకొని కూర్చుందువా యని మా యత్తగారును అడుగుచున్నారు. ఇద్దఱకు నేమి చెప్పుదును?"

భర్తగారి ప్రశ్న తేలిక గనుక ముందుగా దానిని జూతము. ఛాయాచిత్రము చెడ్డదని నేననను. ఇంటికి వచ్చిన పిదప కొమ్మ యెటు వంగినదో సరిచూచుకొనుటకు పనికివచ్చును. కాని మండుటెండలో కెమెరా రెండింటిలో నొకదానినే బాగుగ పట్టగలదు. ఆకసమును సరిగా దీసినచో చెట్టునీడ బొగ్గువలె నల్లబడును. నీడను సరిగా దీసినచో ఆకసము సున్నము గొట్టిన గోడవలె తెల్లబోవును. ఇప్పటి ఫోనులు రెండింటిని గలిపి చూపుచున్నవి గాని, ఆ కలుపుటలో వెలుగునీడల తారతమ్యము చదునైపోవును. మన కన్ను అట్లుగాదు. నీడలోనికి జూచినపుడు పాప విచ్చుకొని, ఆ నీడలో ఆకసపు నీలమును, నేలమీదినుండి పైకి దన్నిన యెఱుపును వేఱు వేఱుగ గుఱుతించును. మఱియు కెమెరాది ఒంటికన్ను. మనవైపు చాచుకొని వచ్చుచున్న కొమ్మయు, వెనుకకు బోవుచున్న కొమ్మయు దానికి నొక్కటే. చెట్టు నెదుట గూర్చున్నవారు తల కొంచెము ప్రక్కకు వంచిన జాలును, ఏ కొమ్మ ముందున్నదో తెలియును. ఛాయాచిత్రముతో నింటికి బోయినవారు ఎంత తల వంచినను తెలియదు.

అత్తగారి ప్రశ్న బరువైనది. చిత్రలేఖనము కులస్త్రీకి తగదని మన పూర్వు లనలేదు. అరువదినాలుగు కళలలో ఆలేఖ్యము చేరియున్నది. బాణాసురుని కూతురు ఉష కలలో గాంచిన పురుషుని గుఱుతుపట్టుటకై చెలికత్తె చిత్రలేఖ ఎందఱి రూపములనో వ్రాసి చూపినది. శ్రీహర్షుని రత్నావళిలో సాగరిక వత్సరాజును చిత్రఫలకముపై వ్రాయగా, సుసంగత ఆ రాజు ప్రక్కనే సాగరికను వ్రాసి యాటపట్టించినది. వీరిని దప్పుపట్టినవారు లేరు. అయితే వీరు వ్రాసినవెల్ల మనుష్యుల రూపములే. సాగరిక ఉద్యానమున కదళీగృహములో గూర్చుండియు, చుట్టునున్న యరటిచెట్లలో నొకదానినైన వ్రాయలేదు. పాపము, ఆమె కన్నులకు వేఱు పని యుండెను!

చెట్టును వ్రాయవలెనను కోరిక మన కావ్యములలో నాకు గనబడినది అభిజ్ఞాన శాకుంతలము ఆఱవ యంకమున. శకుంతలను దిరస్కరించి, ఉంగరము దొరకిన తరువాత పశ్చాత్తాపపడుచున్న దుష్యంతుడు ఆమె చిత్రమును వ్రాసికొని చూచుకొనుచుండును. ఇంకను వ్రాయవలసిన దేమని విదూషకు డడుగగా, ఆ రాజు చెప్పిన వేమి? ఇసుకతిన్నెపై హంసల జంట గల మాలినీనది, ఇరుప్రక్కల లేళ్లు కూర్చున్న హిమవంతుని పాదపర్వతములు, కొమ్మలకు నారచీరలు వ్రేలాడుచున్న చెట్టు, దాని క్రింద కృష్ణమృగపు కొమ్మునకు ఎడమకన్ను రుద్దికొనుచున్న యాడులేడి. చూడుడు! ఆమె ముఖము వ్రాసినను అతనికి తృప్తి లేదు. ఆ కొండయు ఆ చెట్టును లేనిదే ఆమె అక్కడ నున్నట్లు తోచుట లేదు. కాని తానున్నది హస్తినాపురపు తోటలో. ఆ చెట్టున్నది కొండదగ్గఱ. జ్ఞాపకముతో వ్రాయవలసివచ్చినది. విదూషకుడు మాత్రము, ఇక ఈ పలక నిండ గడ్డపు తాపసులను నింపునేమో యని తనలో గొణుగుకొనును. మన సోదరి యింటివారి నవ్వు క్రొత్తది గాదు.

చెట్టు నెదుటనే కూర్చుండి వ్రాయు పద్ధతి మన తెలుగుదేశమున నాటుకొన్నది గోదావరి యొడ్డున. రాజమహేంద్రవరపు ప్రభుత్వ కళాశాలకు ప్రధానాచార్యుడుగా నుండిన ఆస్వాల్డ్ కూల్డ్రే దొర స్వయముగ చిత్రకారుడు. శిష్యులను ప్రకృతి నెదుట నిలిపి వారి కన్ను దెఱపించిన గురువు. దామెర్ల రామారావుగారును, అడివి బాపిరాజుగారును ఆయన చేతిక్రింద నెదిగినవారే. రామారావుగారు 1897లో జన్మించి, బొంబాయి జె.జె. చిత్రకళాశాలలో చదివి, తిరిగివచ్చి రాజమహేంద్రవరముననే చిత్రకళాశాలను నెలకొల్పి, 1925లో ఇరువదియెనిమిదేండ్లు నిండకమునుపే మశూచికముచే గతించిరి. ఆయన పేరిటి చిత్రకళామందిరము నేటికిని ఆ యూర నున్నది. పుష్కరస్నానమునకో బంధువుల పెండ్లికో రాజమండ్రి బోవువారు ఒక గంట సమయము చేసికొని దానిని జూడుడు. ఎందుకనగా, అచ్చట రామారావుగారి చిత్రములతోపాటు ఆయన భార్య సత్యవాణిగారును, చెల్లెలు బుద్ధిరాజు బుచ్చి సుందరమ్మగారును వ్రాసిన చిత్రములు గూడ నున్నవి. సందర్శకులు సాధారణముగ వీరి చిత్రముల ముందు నిలువక సాగిపోవుదురు. ఆ దినములలో ఇల్లాలి చేతికి కుంచె రావలెనన్న అన్నయో భర్తయో చిత్రకారుడు కావలసియుండెను. దొరగారి పాఠములు కళాశాల బాలురకు. కళాశాల గడప ద్రొక్కని యాడువారికి ఆ పాఠము వంటయింటి మీదుగా రావలెను. నేడు కుంచె, రంగులు, కాగితము ప్రతి పుస్తకముల యంగడిలోను దొరకుచున్నవి. దొరకనిది గడప దాటు రెండుగంటల తీఱిక మాత్రమే.

కొండచెట్లను వ్రాసిన తెలుగువారనగా నాకు ముందు తోచువారు తుమ్మపూడి సంజీవదేవ్‌గారు. 1914లో గుంటూరు మండలమున బుట్టి, 1999 వఱకు జీవించిన యీ కళావేత్త యౌవనమున హిమాలయములలో సంచరించి, కులూ లోయలో రష్యా చిత్రకారుడు నికొలస్ రోరిక్ కడ నతిథిగా నుండిరి. రోరిక్ 1928 మొదలు 1947లో కన్నుమూయువఱకు ఆ లోయయందలి నగ్గరు గ్రామముననే నివసించి హిమవంతుని వ్రాసినవాడు. సంజీవదేవ్‌గారు పల్లెకు దిరిగివచ్చిన పిదపను నీటిరంగులతో, పాస్టెలు కణికలతో చిన్న చిన్న కాగితములపై కొండలను, చెట్లను వ్రాయుచునే యుండిరి. చిన్న కాగితమను మాటను గుఱుతుంచుకొనుడు. దానితో మనకు పని యున్నది.

ఇక స్త్రీల మాట. ఇంగ్లండునకు జెందిన మారియన్ నార్తు 1830లో బుట్టినది. 1869లో తండ్రి మరణించిన పిదప, పెండ్లియాడక, లోకములోని చెట్టుచేమలను అవి పుట్టినచోటనే వ్రాయుదునని బయలుదేఱినది. 1877 మొదలు 1879 వఱకు మన దేశమున దిరిగి, హిమాలయ ప్రాంతముల వృక్షములను గూడ తైలవర్ణములలో వ్రాసినది. ఎనిమిదివందలకు మించిన ఆమె చిత్రములకు లండను కడ క్యూ వనమున 1882లో ప్రత్యేక మందిరము తెఱవబడినది. ఇదంతయు ధనవంతురాలి కథ యని మీరనవచ్చును, నిజమే. కెనడా దేశపు ఎమిలీ కార్ (1871–1945) అట్లుగాదు. చాలయేండ్లు ఇంటిగదులను అద్దెకిచ్చి, కుక్కలను బెంచి యమ్మి బ్రదికినది. అఱువదియొక్క యేండ్ల ప్రాయమున, 1933లో, ఒక పాత బండిని గొని, దానికి 'ఏనుగు' అని పేరు పెట్టి, వేసవి వచ్చినదనగానే దానిని అడవికి లాగించుకొనిపోయి, కుక్కలను, ఒక పెంపుడు కోతిని వెంటబెట్టుకొని అందుండి చెట్లను వ్రాసినది. పటమునకు గుడ్డ కొనుటకు డబ్బు చాలక, పొట్లములు గట్టు ముదురు కాగితముపై, పెట్రోలుతో పలుచన జేసిన రంగులను బూసినది. దానివలన రంగు త్వరగా నాఱినది, కుంచె ధారాళముగ నడచినది, గాలికి నూగుచున్న యడవి యూగుచున్నట్లే పడినది. అఱువది దాటిన యామె యేనుగును లాగించుకొని పోగా, ముప్పదియైదేండ్ల మన సోదరి రంగులపెట్టె పట్టుకొనుట విడ్డూరమా?

ఎక్కడికి బోవలెను? మన దిల్‌సుఖ్‌నగరులోను, ఎల్.బి. నగరులోను కొండ లేదు. ఉన్నవి మెట్రో స్తంభములు, పైవంతెనలు, కోచింగు కేంద్రముల బోర్డులు, వానినడుమ తలదాచుకొన్న వేప, కానుగ, తురాయి. అభ్యాసమునకు ఇవి చాలును. వేప ఏటేట కొమ్మ నఱకబడి, మరల జివుర్చి, ఒక్కొక్కటి యొక్కొక్క వంకర దిరిగియుండును. అట్టి చెట్టు వ్రాయుటకు సుళువు, ఏలయన ఒకదానివలె మఱియొకటి యుండదు. 1626లో త్రవ్వబడిన సరూర్‌నగరు చెఱువు గట్టుమీద ఉదయమున గూర్చుండవచ్చును. వనస్థలిపురము దాటిన పిదప విజయవాడ బాటప్రక్కన నున్న మహావీర హరిణ వనస్థలి, నిజాముల కాలమున వేటభూమి, మహావీరుని 2500వ నిర్వాణోత్సవమునుబట్టి 1975లో ఆ పేరు పొందినది. అచ్చటి కృష్ణజింకలను జూచినప్పుడెల్ల నాకు దుష్యంతుని చిత్రఫలకము జ్ఞాపకము వచ్చును. అడవి కుఱుచది, పొదలే యెక్కువ. అయినను మన యిండ్లకు దగ్గఱి యడవి యదియే.

కొండయే కావలెనన్న నల్లమల. దిల్‌సుఖ్‌నగరునుండి మెట్రోలో మహాత్మాగాంధి బస్‌స్టేషను నాలుగవ మజిలీ. అచ్చట శ్రీశైలపు బస్సు దొరకును. ఆ సోదరికి నా సలహా: మూటాముల్లెలతో నేరుగా శ్రీశైలము చేరి జనసమ్మర్దములో చిక్కుకొనుటకంటె, దారిలో అచ్చంపేట ప్రాంతమున రంగాపురము కడ నున్న ఉమామహేశ్వరమున నొక పూట నిలువుడు. శ్రీశైలమునకు ఉత్తరద్వారమని దానికి పేరు. కొండచఱియ గొడుగువలె ముందుకు వచ్చియుండును. దాని క్రింద దేవాలయము. మండువేసవిలోను పై రాతినుండి నీటిబొట్లు జాఱుచుండును. యాత్ర యాత్రయే, నీడ నీడయే. అత్తగారు దర్శనము చేసికొని ఆ చల్లని చఱియ క్రింద విశ్రమించునంతలో కోడలు రెండుగంటలు పని చేసికొనవచ్చును. మే మిరువురము బడి సెలవులలో రెండు వేసవులు అచ్చటికే పోయితిమి గనుక నేనెఱిగి చెప్పుచున్నాను.

వేసవిలో నల్లమలలో ఆకులే యుండవు, ఏమి వ్రాయుదురని కొంద ఱడుగుదురు. ఆకులు లేకపోవుటయే మన భాగ్యము! అది ఆకురాల్చు నడవి. వానకాలమున అంతయు నొక్క పచ్చని ముద్ద. ఏ చెట్టు ఏదో పోల్చుకొనలేము. ఎండాకాలమున ప్రతి చెట్టును తన యెముకలను జూపుచు నిలుచును. మోదుగపూవులు, కొండగోగు పసుపుపూవులు మార్చి నాటికే బాగుగ పూచి రాలును గనుక బడిసెలవులకు బోవు మనకు అందవు. మే నెలలో మనకు మిగులునవి: పసుపు గుత్తులను దీపములవలె వ్రేలగట్టిన రేల, మొసలి వీపువలె పగిలిన బెరడు గల నల్లమద్ది, ఒక్క యాకైన లేక, తొలకరికై కాచుకొనియున్న టేకు, లేత యెఱ్ఱని చిగురులతో తునికి. వీనియన్నిటిలో చిత్రకారిణి తప్పక కూర్చుండవలసినది తపసిచెట్టు నెదుట.

తపసి రాతిగుట్టలమీదనే మొలచును. ఇంకొక చెట్టు వేరూనలేని బండసందులలో వ్రేళ్లు దూర్చి, మెలితిరిగిన కొమ్మలతో నిలుచును. దాని బెరడు నునుపుగ తెల్లగ నుండి, పలుచని కాగితపు పొరలవలె లేచిపోవుచుండును. ఎండవేళ బూడిద పూసికొన్న తాపసి యెండలో నిలిచినట్లే తోచును. వెన్నెలలో జూచినవారు జడుసుకొందురు. తెల్లని చెట్టును తెల్లని కాగితముపై వ్రాయుటెట్లనగా, చెట్టును వ్రాయరాదు; దాని వెనుకనున్న నీలికొండను, ముదురు బండను వ్రాయవలెను. ఆ రంగుల నడుమ వదలివేసిన కాగితమే చెట్టగును. పిమ్మట ఎడమవైపుననో కుడివైపుననో పలుచని ఊదా నీడ నొక్కసారి దీసినచో మాను గుండ్రనగును. ఈ చెట్టు కాయలు అయిదేసి చుక్కవలె కలిసియుండును. వానిపై నున్న నూగు చర్మమున గ్రుచ్చుకొని మంట పుట్టించును గనుక పిల్లలను ముట్టనీయకుడు.

మఱియొక సంగతి. మీరు చూచు తపసిచెట్ల మానులపై పెద్ద పెద్ద గాయములుండును. దాని బంక నీటిలో బహుగుణముగ నుబ్బును. మందులలోను, ఆహారపదార్థములను చిక్కపఱచుటకును, కట్టుడుపండ్లను అంటించుటకును వాడుదురు. విదేశములకు గూడ పోవును. చెంచులకు అది జీవనోపాధి. 1956లో ఏర్పడిన గిరిజన సహకార సంస్థవారు వారివద్ద బంకను కొనుచు వచ్చిరి. మానునకు చిన్నగాటు పెట్టి, కొన్నాళ్లు మాననిచ్చి, మరల పెట్టిన చెట్టు బ్రదుకును. గొడ్డలితో లోతుగ, చుట్టును నఱకినచో రెండుమూడేండ్లలో ఎండిపోవును. అట్లు పోయిన చెట్లు మన కొండలలో చాల గలవు. జాగ్రత్తగ గాటుపెట్టు పద్ధతిని గిరిజనులకు నేర్పు ప్రయత్నములును జరిగినవి.

ఆ గాయమును చిత్రములో వ్రాయవలెనా, మానవలెనా? అందమునకు లోపమని వదలివేయుడని చెప్పువారు కలరు. నేను వారితో నేకీభవింపను. రఘువంశము రెండవ సర్గలో దిలీపునకు సింహము చూపిన దేవదారు వృక్షమును జ్ఞాపకమునకు దెచ్చుకొనుడు. దానిని శివుడు కొడుకుగా స్వీకరించెను. పార్వతి బంగారు కడవలతో నీరు పోసి పెంచెను. ఒకనాడు అడవియేనుగు చెక్కిలి రుద్దికొని దాని బెరడు నూడ్చినది. అప్పుడా తల్లి, రాక్షసుల బాణములకు కుమారస్వామి దేహమే గాయపడినట్లు దుఃఖించినది. కావ్యమంతయు వెదకినను ఆ చెట్టు ఎత్తెంతయో, కొమ్మలెన్నియో మనకు దెలియదు. తెలిసినది ఆ బెరడు లేచిన చోటు మాత్రమే. కాళిదాసు ఆ గాయము నొక్కదానిని జెప్పుటచేతనే వేయి దేవదారులలో అది యొక్కటి మనకు వేఱుగ నిలిచినది. ఉమామహేశ్వరపు దారిలో నేను వ్రాసిన తపసి మానుపై జానెడు గాయము, దానినుండి కాఱి గట్టిపడిన బంక, క్రింద బెరడు తిరిగి మూసికొనవచ్చుచున్న యంచు ఉన్నవి. చిత్రమును జూచినవా రందఱు మొదట వ్రేలు పెట్టి చూపునది ఆ చోటే. ఇది యేమి చెట్టు, ఈ దెబ్బ యేమి యని అడుగుదురు. అందమైన చెట్టును వ్రాసినపుడు 'బాగున్నది' అని పుట త్రిప్పుదురు.

ఇక పనిముట్లు. చిత్రకారులు ఆరుబయట వ్రాయగలుగుట 1841లో అమెరికా చిత్రకారుడు జాన్ రాండ్ తగరపు గొట్టమును కనిపెట్టిన పిదప సులభమయినది. అంతకుముందు నూనెరంగులను పందిమూత్రాశయపు సంచులలో కట్టి యుంచెడివారట! మనకు నూనెరంగుల జోలి వలదు. నీటిరంగుల పెట్టె చిన్నది, లావుకుంచె యొకటి, సన్నకుంచె యొకటి, పెన్సిలు, రెండు సీసాల నీరు, పాతచీర ముక్క, అట్టకు బిగించిన దళసరి కాగితము – ఇంతే. కాగితము అఱచేతికి రెండింతలు మించరాదు. పెద్ద కాగితముపై పూత యొక ప్రక్క పూయునంతలో మఱియొక ప్రక్క ఆఱిపోవును.

వేసవిలో నీటిరంగులకు ముఖ్యశత్రువు ఈ ఆఱిపోవుటయే. పూత సగములో నాఱినచో అంచు గీటువలె గట్టిపడి చిత్రము మచ్చలు మచ్చలగును. అందుకు కాగితమును ముందు తడిపి, నీరు పీల్చుకొన్న పిదప మరల తడిపి పని మొదలుపెట్టవలెను. రంగులో గ్లిసరిన్ ఒక చుక్క, లేదా తేనె చిటికెడు కలిపినచో మెల్లగ నాఱును. తేనెకు చీమలు వచ్చును గనుక నేను గ్లిసరినే మేలందును. లావుకుంచెనే ఎక్కువగ వాడుడు. సన్నకుంచెతో ఆకులు లెక్కబెట్టువారికి చిత్రము ఎన్నటికిని పూర్తికాదు.

కాగితముపై ఎండ పడరాదు. తెల్లకాగితము ఎండలో కన్నులు మిఱుమిట్లు గొల్పును. ఆ వెలుగులో కలిపిన రంగు ఇంటికి వచ్చి చూచినపుడు మసిబొగ్గు. చెట్టు ఎండలో, మీరు నీడలో నుండవలెను. నల్లకళ్లద్దములు పెట్టుకొని రంగులు కలుపరాదు. సూర్యోదయమునుండి తొమ్మిదిగంటల వఱకు పని. తరువాత నీడలు కుఱుచయై, వెలుగు నెత్తిమీదికి వచ్చి, చెట్టు చప్పిడియగును. కూర్చున్న పావుగంటలోపలనే నీడ లెక్కడెక్కడ నున్నవో పెన్సిలుతో గుఱుతు పెట్టుకొని, ఇక అవి ఎంత జరిగినను చిత్రములో జరుపరాదు. జరిపినచో మాను ఎడమవైపు ఉదయము, కొమ్మ కుడివైపు మధ్యాహ్నమునగును.

మొదట మాను నేలలోనికి దిగిన చోటును వ్రాయుడు. చెట్టు నేలపై పెట్టిన కఱ్ఱ గాదు. అడుగున వెడల్పై, వ్రేళ్లు బండను బట్టుకొనియుండును. తరువాత కొమ్మలకంటె కొమ్మల నడుమ నున్న ఆకసపు తునకలను జూడుడు. ఆ తునకల యాకారము సరిగ నున్నచో కొమ్మ తనంత తాను సరిపడును. చేయి చాచి, కుంచెను నిలువుగ బట్టి, ఒక కన్ను మూసి, మాను ఎత్తులో కొమ్మలు విడిపోవు చోటు ఎన్నవ వంతో కొలిచికొనుడు. పచ్చరంగు పెట్టెలో నున్నదానిని నేరుగా బూయకుడు. నీలమును పసుపును గలిపి, అందు ఎఱుపు రవంత చేర్చినచో వేసవి కొండల పచ్చ వచ్చును. అది నిజమునకు సగము బూడిదయే. దూరపు కొండలకు నీరు ఎక్కువ, రంగు తక్కువ, నీలమే ప్రధానము. నల్లమల యని పేరేగాని దూరమునుండి అది నీలము.

మఱి కొన్ని ముచ్చటలు. ఉమామహేశ్వరమున కోతులున్నవి, అరటిపండును రంగులపెట్టెను ఒకే సంచిలో పెట్టరాదు. మజ్జిగ, నీరు చాలినంత వెంట నుండవలెను. అమ్రాబాదు పులుల యభయారణ్యము అధికారుల యనుమతి లేనిదే చొరరాని చోటు. గుడి ప్రాంగణమును, అనుమతించిన దారిని విడిచి లోనికి బోవలదు. ఒంటరిగ గూర్చుండవలదు. వంటకు నిప్పు రగిల్చుట అసలే కూడదు. రాలిన యాకుతో నిండిన కొండ వేసవిలో ఒక్క నిప్పురవ్వకు అంటుకొనును, తపసియు టేకును అందులోనే కాలును. చెంచు స్త్రీ లెవరైన వచ్చి చూచినచో చెట్టు పేరు వారినే యడుగుడు. పుస్తకములలో లేని పేరు చెప్పుదురు.

అత్తగారితో వాదింపవలదు. రెండవ కుంచెయు, చిన్న కాగితమును ఆమెకు గూడ తీసికొని పొండు. ప్రతి సంక్రాంతికి చుక్కల ముగ్గును చేతికొలతతో తప్పకుండ వేసిన చేయి ఆమెది. చెట్టు కొమ్మలు విడిపోవు లెక్క మనకంటె ఆమెకే ముందు పట్టుబడునేమో. చిత్రము పూర్తియైన పిదప వెనుకప్రక్క చెట్టు పేరు, ఊరు, తేది, గంట వ్రాసి, పూర్తిగ నాఱిన తరువాతనే కాగితముల నడుమ బెట్టి కట్టుడు. జూన్ 12వ తేది బడులు తెఱచులోపల పంపినవారి చిత్రములను గూర్చి జూలై సంచికలో ముచ్చటించెదను.